లంగరు చుట్టూ

ఈ పడవలో అన్నిటికీ ఒక తాడుంది.
కెటిల్‌కి, దిక్సూచికి, తోర్‌స్టెన్ కళ్లజోడుకి.
అల ఒరిగినప్పుడు నిద్రలో దొర్లిపడకుండా
నా పడకకీ ఒక గుడ్డ అడ్డం, దానికి రెండు తాళ్లు.

పొడవు ముప్పై నాలుగు అడుగులని కాగితాల్లో ఉంది.
నేను నడిస్తే, అణియం నుంచి అమరం దాకా, పదమూడే.

రాత్రి ఎగిరొచ్చి డెక్కు మీద చచ్చిన చేపలు ఏరడం,
బియ్యంలో పురుగులేరడం,
ఉప్పు పట్టిన అగ్గిపుల్లల్లో వెలిగేదాన్ని వెతకడం.
వాన పడిందా, పండగే.
తలంటుకున్న నీళ్లతో దుప్పటి,
దుప్పటి నీళ్లతో డెక్కు,
ఆఖరి బొట్టు సముద్రంలోకి.
దానికేం తెలుస్తుంది.

అమ్మేసిన ఫ్లాటు తాళాలగుత్తి
పొరపాటున మాతోనే వచ్చేసింది.
తిరిగి పంపే పోస్టాఫీసు దొరికేలోపు తుప్పు పట్టింది.
ఇప్పుడది గాలానికి బరువు.

ఆడపడుచు హాంబర్గ్ నుంచి రాస్తుంది:
మీకేం, రెక్కలున్నాయి.
ఆ రెక్కలకు కుట్లు వేసేది నేను.
ఎండకు పెళుసెక్కిన తెరచాప, మైనం రాసిన దారం,
బొటనవేలి మీద శనగ్గింజంత కాయ.

రాత్రి గాలి గొంతు మారితే
ఇద్దరం ఒక్కసారే లేస్తాం. మాట్లాడుకోం.
తాడు కొయ్యను కొట్టే చప్పుడు లెక్కపెట్టి
లంగరు జారలేదని నమ్మకం కుదిరాక
అతను పడుకుంటాడు. నేను పడుకున్నట్టు ఉంటాను.

కండావు దీవి వెనక వంపులో పదకొండు రోజులున్నాం.
మొదటి రోజే పాత పేపర్లో చుట్టిన యంగోనా వేళ్లు తీసుకెళ్లి
ఊరిపెద్ద ముందు చాప మీద పెట్టాం.
చిప్పలో పోసిచ్చింది తాగితే నాలుక మొద్దుబారింది.
మూడు చప్పట్లు.
ఇక మా నీళ్లు మీ నీళ్లే, అన్నారు.
మా ఇద్దరికీ అది మర్యాదగానే వినిపించింది.

బయల్దేరే పొద్దున గొలుసు రాలేదు.
మర మూలిగింది, అణియం నీళ్లలోకి వంగింది,
తోర్‌స్టెన్ వాళ్లమ్మ భాషలో తిట్టాడు.
అపెనిసా చిన్న తెప్ప మీద వచ్చాడు, మనవరాలితో.
అరవై దాటిన మనిషి. ఊపిరి బిగబట్టి మూడుసార్లు మునిగాడు.
మూడోసారి ఒక కొమ్మ తెచ్చాడు,
దుప్పి కొమ్ములాంటి పగడం, కొనలు ఊదా,
ఇంకా పచ్చి వాసన.
ఏమీ అనలేదు. నా పాదం పక్కన పెట్టాడు.

కళ్లకు అద్దం తగిలించుకుని నేనూ దిగాను.
అడుగున గుండ్రంగా ఒక తెల్లటి దారి.
గాలి ఎటు తిప్పితే అటు, గానుగ తిరిగినట్టు,
పదకొండు రోజులు గొలుసు ఈడ్చుకుంటూ
మేం నిద్రపోయిన మేరంతా పిండి పిండి, సున్నం.
అంచున ఒక్క చిలకచేప,
కొరకడానికేమీ మిగల్లేదని కాబోలు
అటూ ఇటూ తిరుగుతోంది.

పైకొచ్చేసరికి మెరెయోని అడుగుతోంది:
ఊర్సులా, నీ బొడ్డుతాడు ఎక్కడ నాటారు?
వాళ్ల ఊళ్లో ప్రతి పిల్ల బొడ్డు మీదా ఒక కొబ్బరి మొక్క.
అదిగో, ఒడ్డున వంకరది తనదట.
ఆసుపత్రి చెత్తబుట్టలో అయ్యుంటుంది, అన్నాను, అది చలికాలం.
నవ్వబోయి ఆగింది.
పోనీ మీ అమ్మనడుగు, అంది.
అమ్మ లేదు.

అపెనిసా ఆ కొమ్మను తీసుకుని మళ్లీ మునిగాడు,
రాళ్ల సందులో ఇరికించి వచ్చాడు.
బతికితే బతుకుతుంది, అన్నాడు.
ఇంజను నూనె ఒక డబ్బా ఇవ్వబోతే వద్దన్నాడు.
తర్వాత, మనవరాలి వంక చూసి, తీసుకున్నాడు.

ఇప్పుడు ఏ వంపుకొచ్చినా
అణియం మీద బోర్లా పడుకుని నీళ్లలోకి చూస్తాను.
నీలం, ముదురు నీలం, గోధుమ మచ్చ, మళ్లీ మచ్చ.
ఇసకేనా? అమరం నుంచి కేక.
చెయ్యెత్తి పట్టుకుంటాను.
ఇంకా కాదు.
కొంచెం వెనక్కి. ఇంకొంచెం.