నన్నడుగు

కొత్తవాడ మూలమీద నా కొట్టు.
జిరాక్సు, లామినేషను, దరఖాస్తులు, పాస్‌ఫొటోలు.
పొద్దున షట్టరెత్తితే ముందు వినబడేది పక్కింటి మగ్గం,
ఆ తర్వాత నా సీపీయూ.
రెండూ ముసలివే, రెండూ దగ్గుతయి.

రోజుకు నలభై పెన్‌డ్రైవులు నా చేతుల మీదుగ పోతయి.
ఒకటి కొంగు ముడిల కట్టుకొచ్చింది ఒకామె,
విప్పితే దానితోపాటు తమలపాకు తొడిమ రాలింది.
ఏ పురుగు ఏ ఊరిదో నేనడగ.
పెట్టంగనే మూలకు ఎర్ర డబ్బా లేస్తది:
దొరికింది. తీసేసిన.

మూడేండ్లు ఆ మాట మీద నేను ఆగి చూడలే.
సాఫ్ట్‌వేర్ ఏసిన పోరడు
ఎట్ల పెట్టిపోయిండో అట్లనే ఉన్నది.

మొన్న ఆషాఢంల రంగు ఓదేలు వచ్చిండు.
జంపఖానాలు నేస్తడు.
వాళ్లన్న పోయేముందు గళ్లకాగితం మీద గీసిన
పద్దెనిమిది నమూనాలు
ఎవరో కంప్యూటర్‌ల ఎక్కించి, ఒక్క మూటగట్టి ఇచ్చిండ్రట.
"రంగుల అచ్చు తియ్యమ్మా, సొసైటీల చూపియ్యాలె."

పెట్టిన.
టింగుమన్నది.
తెరిచి చూస్తే తెల్లగ,
పడుగెక్కని మగ్గమోలె.

ఆయన కొట్లాడలే.
స్క్రీన్ దిక్కు చూసి, నా దిక్కు చూసి
"పోగు తెగితే ముడేస్తం గదమ్మా,
దీనికి ముడెయ్యరాదా?" అన్నడు.
తియ్యని అచ్చుకు పది రూపాయలు బల్లమీద పెట్టబోయిండు.
ఖాళీదేం చేసుకుంట అని పెన్‌డ్రైవు ఆడనే వదిలిపోయిండు.

ఆ రాత్రి షట్టర్ సగం దించి కూసున్న.
సెట్టింగులల్లకు పోయిన. ఒక తలుపు ఎనక ఇంకో తలుపు,
తహసీల్ ఆఫీసే నయం.
ఆఖరికి దొరికింది ఆ పేజీ:
పురుగు దొరికితే ఏం చెయ్యాలె?

బాగుచెయ్యి. తీసెయ్యి. వేరుగ పెట్టు. వదిలెయ్యి.
అన్నిటికన్న కింద, చిన్న అక్షరాలల్ల: నన్నడుగు.

తీసెయ్యికి ఎదురుగ చుక్క ఉన్నది.

వదిలెయ్యి మీద వేలు గూడ పెట్టలే.
పరకాల దిక్కు మా నాయిన పత్తి ఏసిన కాలంల
ఒక్క చెట్టే గదా అని వదిలిన ఏడు
గులాబి పురుగు ముందుగాల గట్టు దాటింది,
తర్వాత అప్పు దాటింది.

వేరుగ పెట్టుడంటే నాకెరుకే.
కరోనప్పుడు పద్నాలుగు రోజులు
ఊరవతలి బడిల, ఏడో తరగతి గదిల పండుకున్న.
బోర్డు మీద ఎవరో సగం చేసి వదిలిన భాగాహారం,
రోజూ దాన్నే చేసిన, రోజూ శేషం మూడే.
అన్నం గిన్నె గడపకాడ పెట్టి మా అత్త దూరం జరిగేది,
గని రేపేం కూర కావాల్నో అడిగే పోయేది.
పదిహేనోనాడు ఎవరి కాళ్లమీద వాళ్లం నడిచొచ్చినం.
అందరం కాదు.

చుక్క జరిపిన.
ముందు బాగుచెయ్యి. కాకుంటే వేరుగ పెట్టు.
ముప్పై రోజులు ఉంచు.
నన్నడుగు కాడ టిక్కు కొట్టిన.

ఇగ అది అడుగుతనే ఉంటది,
అన్నం తినేటప్పుడు, హాల్‌టికెట్ల లైను రోడ్డు మీదికి పోయినప్పుడు.
ఈ పెండ్లిపత్రికను ఏం చెయ్యాలె?
ఈ పిల్లగాని ప్రాజెక్టును?
కొన్నిసార్లు ఇసుగొచ్చి నేను గూడ తీసెయ్యే అంట.
తప్పయినా ఒప్పయినా అది నాది.

వారం దాటినంక వచ్చిన మెకానిక్కు
డ్రాయర్లున్న పెన్‌డ్రైవును గెలికి చూసి చెప్పిండు:
"దీంట్ల పురుగే లేకుండెనక్కా.
పాతకాలం మూట గదా,
ముఖం తెల్వక దొంగనుకున్నది."
పద్దెనిమిదిట్ల పదకొండు తిరిగొచ్చినయి.

ఓదేలుకు ఫోన్ చేసిన.
అవతల మగ్గం చప్పుడు ఆగింది.
"ఏవేవి?"
పేర్లు లేవు, నంబర్లే ఉన్నయి. చదివిన:
ఒకటి, రెండు, నాలుగు...
"మూడు లేదా?"
లేదు.
కొంతసేపు ఏం మాట్లాడలే.
"మూడు నా చేతికి ఎరుకే తియ్యి.
నాలుగు తర్వాత చదువు."