దుర్యోధనుడి మీసం

అవ్వ పోయిన మూడో రోజు
చిత్తూరులో నేను పనిచేసే షాపులోనే
అవ్వ ఫ్లెక్సు నేనే కొట్టాల్సొచ్చింది.
'అశ్రునయనాలతో' అన్న అక్షరాలు
రోజూ ఎవరికో ఒకరికి పెట్టేవే.
ఫోటో దగ్గర ఆగిపోయినాను.
రేషన్ కార్డులోది పెద్దది చేసేకొద్దీ
చుక్కలు చుక్కలుగా విడిపోయి
అవ్వ కాదు, చల్లిన రాగులు.

ఇంట్లో ఫోన్లన్నీ వెతికినాము.
భారతం చివరిరోజు ఫోటోలు వందలున్నాయి.
అన్నిట్లోనూ దుర్యోధనుడే,
ఊరి బయట బీడులో వెల్లకిలా పడుకున్న
ముప్పై అడుగుల మట్టి మనిషి.
ఒక్కదాంట్లో మాత్రం
వాడి చెవి పక్కన రంగు బక్కెట,
పైకి దోపిన కుచ్చెళ్ళు, ఒక మోచెయ్యి.
ఆ మోచెయ్యి మా అవ్వ.
అపరంజమ్మ.

చివరికి రాగుల మొహమే పెట్టినాను.

ఒళ్ళు మగవాళ్ళు పోసేవాళ్ళు, పారలతో, తట్టలతో.
మొహం అవ్వది.
తాత చెయ్యి వణికి మీసం చెంపమీదికి జారిన ఏడు
ఆయన చేతిలో కుంచె లాక్కునింది.
"ఆడది మీసం దిద్దేదేంది?" అని ఎవరో అంటే
"మీసాలోళ్ళను కనేది ఎవురబ్బా?" అనిందంట,
తల కూడా ఎత్తకుండా.

మామిడి సీజన్‌లో గుజ్జు ఫ్యాక్టరీకి పొయ్యేది.
తోతాపురి రసానికి గోళ్ళు పసుపెక్కి
వానలు పడేదాకా వదిలేవి కావు.
సంగటి కుండ అడుగు మసి ఆమెకు రంగే.
ఒకసారి జొరమొచ్చి పడుకుంటే
నా అరికాలి మీద పిచ్చుకను గీసి
"నడిస్తే నలిగి చస్తుంది, పడుకో" అనింది.
రెండు రోజులు మంచం దిగలేదు నేను.

కండ్లు ఎప్పుడూ ఆఖరికే దిద్దేది.
"సాయంత్రానికి చచ్చేవాడు.
ఈ పూటన్నా ఆకాశం బాగా కనపడనీ వాడికి."
భీముడు గద ఎత్తి తొడ మీదికి దూకేటప్పుడు
ఊరంతా కేకలు పెడతా ఉంటే
అవ్వ సోడాబండి చాటున నిలబడి
కుంచె కడుక్కుంటా ఉండేది.
"ఇంత చేస్తే పోయిందే అవ్వా?"
"పొద్దన అన్నం వండినా. ఉందా?"

కరోనా రెండేళ్ళు భారతం ఆడలేదు.
పెరట్లో మూరెడు దుర్యోధనుణ్ణి చేసింది.
సంగటి తెడ్డు పట్టుకోని నేనే భీముణ్ణి.
కొట్టబోతే
"మెల్లిగామే" అనింది.

పదకొండో రోజు
అమ్మ బియ్యం డబ్బా వెనక చెయ్యి పెడితే మూటలు.
విరిగిన తొడ మట్టి పిడికెడు తెచ్చి
గింజల్లో పెట్టుకునేది ఊళ్ళో అందరూ చేసేదే.
పాతది పారేస్తారు, కొత్తది పెడతారు.
అవ్వ పారెయ్యలేదు.
పాత చీర పేలికల్లో ముప్పైయొక్క మూటలు.
చదువు రాదు కాబట్టి సంవత్సరం రాయలేదు,
ఒక్కోదాని మీద బొగ్గుతో ఒక మీసం గీసింది.
మెలి తిరిగింది ఒకటి, వాలిపోయింది ఒకటి,
తాత పోయిన ఏటిది సగమే.
రెండు మూటలు మాత్రం ఉసిరికాయంత.

"బళ్ళో నన్ను దుర్యోధనుడి కూతురా అని పిలిచేవాళ్ళు,
ఏడ్చుకుంటా ఇంటికొచ్చేదాన్ని" అని
నవ్వతా నవ్వతా అమ్మ
డబ్బా పక్కన అట్లే కూలబడింది.

ఈ ఏడు మధ్యాహ్నానికంతా ఒళ్ళు లేచింది.
మొహం ఖాళీగా ఉంది.
మమ్మల్ని ఎవరూ పిలవలేదు.
కుంచె కూడా ఎవరూ ముట్టుకోలేదు.
అమ్మ కుచ్చెళ్ళు దోపుకునింది, బక్కెట నేను మోసినాను.
ఎడమ మీసం వంకరపోయింది.
పెద్దాయన ఒకడు తుడవబోతే
"ఉండనీ నాయనా, సాయంత్రం దాకానే కదా" అనింది
తల ఎత్తకుండా.

పదేళ్ళు చెక్కుచెదరదని
నేనే గ్యారంటీలు చెప్పి అమ్మే ఫ్లెక్సు
ఇప్పుడు మా మిద్దె మీద పరిచి ఉంది.
దానిమీదే చెనిక్కాయలు ఎండబోసినాం.
మొహం ఉన్న మూల మాత్రం
పొయ్యను చేతులు రాక వదిలేసినాం.
వెల్లకిలా,
చుక్కలు చుక్కలుగా.