అయిదు పౌండ్ల ఇరవై పెన్నీలు

నా పేరు శౌరమ్మ.
ఈ బడిలో దానికి ఎవరి నోరూ తిరగదు,
అందుకని మిస్ షవర్‌ని.
ఎండ చుట్టపుచూపుగా వచ్చిపోయే అక్రింగ్టన్‌లో
ఇంతకన్నా తగిన పేరు బిషపుగారైనా పెట్టలేరు.

నా కొలువు పన్నెండింటి నుంచి ఒంటిగంటంపావు దాకా.
పాల డబ్బాలకు స్ట్రాలు గుచ్చడం,
దొర్లిన బఠానీల మీద ఎవరూ జారకుండా చూడటం,
సిలువ గుర్తు సగంలో ఉండగానే
చెంచా ఎత్తేవాళ్ళని కళ్ళతో ఆపడం.

విభూతి బుధవారం
నాలుగో తరగతి వరుసలో నిలబడింది.
జోసియా బూడిద కనుబొమల్లోకి రాలింది.
డెక్లన్ తనది అద్దంలో చూసుకోడానికి
మూడుసార్లు బాత్రూముకి వెళ్ళొచ్చాడు.
చిదుబెం నా కొంగు లేని భుజం లాగి అడిగాడు:
"మిస్, నా నుదుటి మీద కనిపిస్తోందా?"
కనిపిస్తోంది నాయనా,
అందరికన్నా నీకే వెండిలా కనిపిస్తోంది.

ఆ రోజే తరగతికో అట్టపెట్టె ఇచ్చారు.
చాక్లెట్లు మానేసిన చిల్లర అందులో,
ఎక్కడో ఎవరికో బావి తవ్వడానికి.

మూడో వారం సోమవారం
రోరీ కార్డు గీస్తే ఎర్రదీపం వెలిగింది.
వంటమనిషి మిసెస్ ఎంట్విసిల్ ఏమీ చూడనట్టు
పళ్ళెం ముందుకు తోసింది.
"ఆకలి లేదు" అన్నాడు వాడు.
తొమ్మిదేళ్ళ వాడికి అంత చక్కగా అబద్ధమాడటం
ఏ ఇల్లు నేర్పిందో.
మంగళవారమూ ఆకలి లేదు.

బుధవారం పొద్దున్న చిదుబెం వచ్చి
వేలు తెగిందన్నాడు.
నెత్తురు లేదు. అడగలేదు.
డైనోసార్ బొమ్మ ప్లాస్టరు ఒకటిచ్చాను.
కాసేపటికి ఆఫీసు కిటికీ దగ్గర
మునివేళ్ళ మీద నిలబడి వాడు,
పెన్నీలు, రెండు పెన్నీలు,
రాగి కుప్ప పోసి లెక్కపెడుతున్నాడు:
"రోరీ వాళ్ళమ్మ పంపింది, మిస్."
మధ్యాహ్నం పచ్చదీపం.
ఆ రోజు చేప కూడా కాదు, మామూలు బంగాళాదుంప.
రోరీ పళ్ళెం నాకినంత పని చేశాడు.

మా అమ్మమ్మ ఫిరంగిపురంలో
పూటపూటా ఎసట్లో పోసే బియ్యంలోంచి
పిడికెడు తీసి గుడి కుండలో వేసేది.
ఒక రాత్రి పక్కింటి బాలింత కోసం
ఆ కుండే బోర్లించింది.
"ఆదివారం ఫాదరుగారు అడిగితే?" అన్నాను.
"అడగనీ. దేవుడికి లెక్కలు రావులేవే" అంది.
ఆ మాట ఒప్పో తప్పో నాకిప్పటికీ తెలీదు.

లెక్క తేల్చే రోజు రానే వచ్చింది.
గోడ మీద చార్టు ఒకటి చెబుతోంది,
బల్ల మీద చిల్లర ఇంకోటి.
అయిదు పౌండ్ల ఇరవై తక్కువ.
ఎవ్వరూ మాట్లాడరు.
హీటరు గొట్టం టకటకమంటోంది,
కిటికీ మీద నా పేరు కురుస్తోంది.
హెడ్మిస్ట్రెస్ మిసెస్ హార్‌గ్రీవ్స్
పెట్టెను తలకిందులు చేసింది.
అడుగున చీలిక, చీలిక మీద డైనోసార్.
తలెత్తి నా నడుముకున్న మందుల సంచీని చూసింది.
నేను బఠానీలు ఏరుతున్నట్టు నేలను చూశాను,
తరగతి గదిలో బఠానీలెక్కడివి.
"కూడికలో నేనే పొరబడి ఉంటాను" అంది చివరికి.
ఇరవై ఆరేళ్ళు లెక్కలు చెప్పిన మనిషి.

శుక్రవారం ఫాదర్ మలాకీ దగ్గరికి
పాపసంకీర్తనానికి తీసుకెళ్ళారు పిల్లల్ని.
చిదుబెం లోపల చాలాసేపున్నాడు.
వచ్చాక ముక్కు తుడుచుకుని,
ఒక మంగళవార్త జపం చెప్పుకుని,
తిన్నగా నా దగ్గరికొచ్చాడు.
"మిస్, ఇంకో ప్లాస్టరుందా?"
ఏ మచ్చా లేని వేలు.
సోమవారం మళ్ళీ ఎర్రదీపమేనని
వాడికి ముందే తెలిసినట్టుంది.

"వద్దులే, పెట్టె జోలికి పోకు" అన్నాను.
సంచీలో ప్లాస్టర్ల కింద
నా బస్సు డబ్బులు చేతికి తగిలాయి.
"ఆ కిటికీ దగ్గర ఏమని చెప్పాలో
నాకు నేర్పు.
అబద్ధం నీకన్నా నేను బాగా ఆడతాను."