ఉరుము ఎక్కినవాళ్లం

ఆదివారం సాయంత్రం ఈసీఐఎల్ చౌరస్తాలో
మిర్చి బండి వెనక మా నలుగురి పంచాయితీ.
ముద్దాయి రాలేదు. ఎప్పుడూ రాడు.
"కంపెనీకి కాళ్లెక్కడివి," అంటాడు కనకరత్నం,
"సంతకాలుంటయి, అంతే."

కీసర దాటాక గిరగిర పార్కు.
అందులో ఉరుము అని ఒక రైలుండేది.
పన్నెండు డబ్బాలు, ఒక్కటే దిగుడు.
దిగబోయే ముందు మాత్రం
గుట్టలు, బండలు, కోళ్లఫారం రేకులు
అన్నీ ఒక్క క్షణం మన చేతిలో పెట్టి
వెంటనే గుంజుకునేది.
నేను నూట పద్నాలుగు సార్లు ఎక్కాను.
కరెంటు మీటర్లు చూసే ఉద్యోగం నాది,
అంకె రాసుకోకుండా నిద్ర పట్టదు.
నుస్రత్ నాకంటే ఎక్కువే ఎక్కింది,
రాసుకోలేదు కాబట్టి చెల్లదంటాను.
ఆరేళ్లుగా ఇదే తగువు.

దాన్ని విప్పేశారు.
పాత ఇనుము కింద, కిలోల లెక్కన.
ఆ జాగాలో చల్లటి గది కట్టి
కళ్లకు నల్ల డబ్బా తగిలించి
కుర్చీని కొంచెం కుదిపి
ఇదే ఉరుము అంటున్నారు.
"బఠాణీల బొమ్మ చూపి నమలమన్నట్టుంది"
అని ఫిలోమినా మిర్చి కొరికింది.
కారం వల్లో మరి దేనివల్లో
కళ్లు తుడుచుకుంది.

నుస్రత్ గాయం వేరే చోట.
వాళ్ల అమ్మీ తెల్లారుజామున లేచి చేసిన లుఖ్మీలు,
గుడ్డలో చుట్టిన డబ్బా.
గేటు దగ్గర గార్డు కుర్రాడు
మొహం అటు తిప్పుకుని
చెత్తబుట్టలోకి వంచాడు.
లోపల నూట ఎనభైకి ఒకటి అమ్ముతారు,
తడిసిన అట్టముక్కలా ఉంటుంది.
"వాడి తప్పు లేదు," అంటుంది ప్రతిసారీ,
"వాడికీ ఆకలి మీదే ఉంది కన్ను."

కనకరత్నం కంపెనీని ఒక్క విషయంలో మెచ్చుకున్నాడు:
లైన్లు ఎత్తేశారు.
ఫోను మోగుతుంది, మన టైముకి మనం పోతాం,
చెమట లేదు, తోపులాట లేదు.
నేను ఒప్పుకోలేదు.
రేకుల షెడ్డు కింద రెండు గంటలు
ముందుకు జరగని ఆ లైనులోనే కదా
నీ గొడుగు నా కంట్లో పొడుచుకుంది,
ఫిలోమినా నీళ్ల సీసా అందించింది,
నుస్రత్ అందరికీ వినబడేలా
ఆఖరి డబ్బాలోనే అసలు మజా అని చెప్పింది.
దిగుడు నలభై సెకన్లు.
మిగతా పార్కంతా ఆ నిలబడటమే.

కనకరత్నం ఉల్లిముక్కలు పక్కకి జరుపుతూ
చాలాసేపు మాట్లాడలేదు.

తర్వాత ఫిలోమినా చెప్పింది.
మౌలాలి దగ్గర ఒక ఆస్పత్రిలో
బ్రేకు సాయన్న కనబడ్డాడట.
పదిహేడేళ్లు ఉరుము కర్ర పట్టినవాడు,
వాడి బదులు మూడు భాషల్లో
ఒక టేపు గొంతు పెట్టారు.
ఇప్పుడు లిఫ్టు నడుపుతున్నాడు.
స్ట్రెచర్ మీద ఎవరో ముసలాయన, చుట్టూ ఏడుపు మొహాలు.
బొత్తాం నొక్కే ముందు
సాయన్న అలవాటు కొద్దీ అన్నాడట,
"చెప్పులు జాగర్త!"
ముసలాయన నవ్వాడట.

"ఇంత తిట్టి, ఈ ఏడు పాసు తీసుకోకుండా ఉంటారా?"
బండి అతను అడిగాడు, నూనెలోంచి తల ఎత్తకుండానే.
రేపే ఆఖరు తేదీ.
నలుగురం రోడ్డు వైపు చూశాం.
నాది పోయిన మంగళవారమే అయిపోయింది.
మిగతా ముగ్గురి మొహాలు చూస్తే
నాకంటే ముందే కట్టినట్టున్నారు.

అప్పుడు నుస్రత్ హ్యాండ్‌బ్యాగులోంచి
కాగితం పొట్లం తీసింది.
కాటేదాన్ తుక్కు దుకాణంలో
రెండు రోజులు వెతికిందట.
అరచేయంత బోల్టు,
ఒక పక్క ఇంకా నీలి రంగు.
ఉరుముదేనా అని ఎవరూ అడగలేదు.

ముందు ఫిలోమినా పట్టుకుంది, బరువు చూసింది.
కనకరత్నం చేతులు లుంగీకి తుడుచుకుని అందుకున్నాడు,
కళ్లు మూసుకున్నాడు,
ఎంతకీ ఇవ్వడం లేదు.

నాది ఆఖరి వంతు.
నిలబడ్డాను.