మూడున్నర కాళ్ళు

ఏడేళ్ళు ఎవరి పెరట్లోనో చెక్కగూట్లో బతికినవాడు
ఇవాళ నా ముందుగది కార్పెట్ మీద కూర్చుని
ఇదెవరి ఇల్లన్నట్టు నన్నే చూస్తున్నాడు.
పేరు డౌవే. రంగు తడిసిన ఇసుక.
వెనక ఎడమకాలు వంగదు.

షెల్టర్ పిల్ల రిక్స్ట్ అప్పగించేటప్పుడే చెప్పింది:
"ముసలివాడు, నేర్చుకోడని భయపడకండి.
పిల్లకుందేళ్ళకే నిలకడ ఉండదు.
వీటికి ఒక మూల నచ్చిందా, ఇంకంతే."
ఆ ఇంకంతే దగ్గర ఎందుకు నవ్విందో
నాకు మూడోరోజుకి గానీ తెలియలేదు.

ముప్పై ఒక్క ఏళ్ళు ఆసుపత్రి లాండ్రీలో చేశాను.
మరకలు నాకు కొత్త కాదు.
నెత్తురుకి చన్నీళ్ళు, ఉచ్చకి తెల్ల వెనిగర్,
నిద్రలో లేపి అడిగినా ఒప్పజెప్తాను.
అయినా మొదటి ఉదయం
సోఫా పక్కన ఎర్రటి మడుగు చూసి
గుండె జారి ఫోన్ అందుకున్నాను.
"రాత్రి ఏం పెట్టారు?"
బీట్‌రూట్ ఆకులు.
"అయితే అది బీట్‌రూటే."

నీలం ప్లాస్టిక్ పెట్టె కొన్నాను.
కాగితపు గుళికలు పరిచి, ఒక చివర ఎండుగడ్డి పేర్చి
కిటికీ కింద పెట్టాను, వచ్చేపోయేవాళ్ళకి కనపడదని.
ఇదే నీ మూల అన్నాను.
చెవులు రెండూ ఇటే తిప్పి మర్యాదగా విన్నాడు.
తర్వాత గదంతా దాటి, కుంటుకుంటూ,
నా వాలుకుర్చీ వెనక పని కానిచ్చాడు.

తుడిచిన కాగితం తెచ్చి పెట్టెలో వేశాను.
వాసన పట్టి గుర్తుపడతాడట.
గుర్తుపట్టాడు.
తన సొత్తు ఎవరో ఎత్తుకెళ్ళారన్నట్టు
పళ్ళతో బయటికి లాగి
కుర్చీ వెనక్కి మోసుకుపోయాడు.

తొమ్మిది రోజులు.
నేను పట్టిన కుందేటికి మూడే కాళ్ళన్నాను.
వాడికి నిజంగానే మూడున్నర.
ఆ అరతోనే నెగ్గుకొచ్చాడు.

తిట్టలేదు.
అబద్ధమెందుకు, ఒకసారి తిట్టాను.
చప్పట్లు కొట్టి మరీ గద్దించాను.
కుర్చీ కిందికి దూరి గడ్డి ముట్టలేదు.
హార్లింగెన్ రేవులో ఆఖరి పడవ కూత పెట్టేదాకా
నేలమీద పడుకుని చెయ్యి చాపి ఉంచాను.
లేవడానికి బల్లకాలు పట్టుకోవాల్సొచ్చింది.

బుధవారం మున్సిపాలిటీ మనిషి సీట్సె వచ్చాడు,
టేపు, డ్రిల్లు, ఒక తెల్ల కమ్మీ పట్టుకుని.
నా మరుగుదొడ్డి గోడకట.
నేనడగలేదు. డాక్టరమ్మ రాసి పంపిందట.
"ఒకసారి కూర్చోండి, ఎత్తు చూడాలి."
మూత దించి కూర్చున్నాను, కోటు విప్పకుండా.
చెయ్యి పడ్డచోట పెన్సిల్ గీత పెట్టాడు.
మరీ ముందుకొచ్చింది, చూడ్డానికి బాగోదన్నాను.
"చెయ్యి ఎటు పోతే అటే బిగించాలండీ"
అని డ్రిల్లు నొక్కేశాడు.

అతను వెళ్ళాక రొట్టెలకత్తి తీసి
నీలం పెట్టె ముందంచు కోశాను,
రెండు వేళ్ళ ఎత్తుకి దిగేదాకా.
పొట్టకి గీసుకోకుండా గరుకుకాగితంతో రుద్దాను.
పదహారేళ్ళుగా కదలని వాలుకుర్చీని జరిపాను.
దాని కాళ్ళ కింద కార్పెట్ అసలు రంగు
నాలుగు ఆకుపచ్చ నాణేలై బయటపడింది.
పెట్టె అక్కడికి పోయింది.
కుర్చీ కిటికీ కిందికొచ్చింది.

వాడు రాలేదు.
వార్తలయ్యాయి. వాతావరణమయ్యింది.
అప్పుడు ముందుకాళ్ళు రెండూ,
కాసేపాగి, మంచి వెనక కాలు,
చిట్టచివరికి చేతికర్రలా ఈడ్చుకుంటూ ఆ మొండిది.
గడ్డి నములుతూ గోడకేసి చూస్తూ కూర్చున్నాడు,
ఎవరూ లేనప్పుడు మనం పెట్టే మొహంతో.
మిరియాల్లా రాలాయి.
లెక్కపెట్టాను. పదకొండు.
రెండు బయటపడ్డాయి, అవి లెక్కలోకి రావు.

కిటికీ కింద చలి. మోకాళ్ళ మీద దుప్పటుండాలి.
కానీ సముద్రపు గట్టు మీద గొర్రెలు కనపడతాయి.

రాత్రి రెండింటికి లేస్తే లైటు వెయ్యను.
చెయ్యి దానంతటదే కమ్మీని వెతుక్కుంటుంది.
ముందుగదిలోంచి గడ్డి నమిలే చప్పుడు.
ఇద్దరం తలుపేసుకోం.