నా నడక, రెండో భాగం

హైదరాబాదుల ఒక గోదాం అది.
కిటికీలు లేవు, ఏసీ హోరు తప్ప ఇంకో సప్పుడు లేదు.
ఒంటికి అతుక్కునే నల్ల అంగీ తొడిగిండ్రు,
యాభైమూడు తెల్లగోలీలు అంటించిండ్రు,
మోకాలికి రెండు, మడిమకు ఒకటి, నడినెత్తికి ఒకటి.
మొఖానికి అర్దళం రాయకుండ
నేను ఆటకు దిగింది అదే మొదలు.

"నడువు పెద్దనాయినా" అన్నది సుప్రజ.
సుబేదారి పిల్ల, కంప్యూటరు ముంగట కూసున్నది.
ఏ వేషం నడక బిడ్డా అని అడిగిన.
రాజుది వేరు, రాక్షసునిది వేరు,
మా చిందోళ్ళకు కాళ్ళే గద మాటలు.
"అన్నీ" అన్నది.
రెండు రోజులు నడిచిన.
ఉరికిన, పడ్డ, చచ్చిన,
లేచి మళ్ళ చచ్చిన.
నలభై కెమెరాలు గోడల పొంట గుడ్లప్పగించి చూసినయ్,
ఒక్కటన్న సప్పట్లు కొట్టలే.

కవర్ల పెట్టి పద్దెనిమిది వేలిచ్చిండ్రు.
కాయితాల మీద పదకొండు సంతకాలు.
పరకాల వచ్చినంక మనుమడు చదివిండు:
"ఈ లోకంల గానీ, ఇక ముందు తెలిసే ఏ లోకంల గానీ,
ఏ యంత్రంల గానీ, ఎన్నటికీ."
దేవునికి మొక్కినా ఇంత గట్టిగ మొక్కరు
అన్నది మా ఆమె.

మొదటి భాగంల నేనొక్క రాక్షసున్నే.
కొమ్ములు వాళ్ళయి, తోలు వాళ్ళది,
నిప్పులు కక్కే నోరు ఏ దేశం పోరడు చేసిండో.
వాడు చచ్చిండు గద,
ఇగ నన్ను పిలువరనుకున్న.
పిలువలేదు, నిజమే.

నిరుడు మోకాలు పోయింది.
ఎగురుడు బంద్ అన్నడు ఎంజీఎం డాక్టరు.
గజ్జెలు మూటగట్టి అటకెక్కిచ్చిన.

రెండో భాగం వచ్చింది. ఏడువందల కోట్లంట.
మన దిక్కు కొన్నాయిన ఇల్లు కుదువవెట్టిండని
చాయి హోటల్ల చెప్పుకున్నరు.
మొదటి వారం టికెటు రెండువందల తొంభై ఐదు.
మనుమడు, నేను,
హన్మకొండ దాక బస్సు, ఆడికెళ్ళి ఆటో.

ఇంటర్వెల్ అయినంక యుద్ధం.
కొండ మీదికెళ్ళి సైన్యం దిగుతున్నది,
ఇసుక వోస్తే రాలనంత మంది.
హాలంత ఈలలు.
ముందు వరుసల ఒకడు ఎడమకాలు ఈడుస్తున్నడు.
పక్కోడూ.
వెనక వరుస మొత్తం.

ఇరవై ఏండ్ల కింద కాటారం ఆటల
స్టేజీ కొయ్య విరిగి పడ్డ కాలది.
తాళానికి గోరంత ఆలస్యం.
చూసేటోళ్ళకు తెల్వకుండ
భుజం ఊపి కప్పేటోన్ని.
పదివేలమంది భుజం ఊపి కప్పుతున్నరు.

"తాతా, వీళ్ళందరు నీ తీరుగ నడుస్తున్నరేంది?"
సప్పుడు జెయ్యకన్న.
నాకు నవ్వొచ్చింది.
ఒక్కని కుంటుతోని ఎంత కోట గూలింది!

రాత్రి సుప్రజకు ఫోన్ చేసిన.
ఆ కంపెనీల లేదిప్పుడు,
మూడు నెల్ల జీతం ఆపితే ఇడిసిపెట్టిందంట.
"ఒక్క నడకనే పెద్దనాయినా.
ఒకనికి ఎత్తు పెంచుతం, ఒకనికి లావు,
ఒకన్ని అర క్షణం ముందు, ఒకన్ని అర క్షణం వెనక.
కుంటు తీసేస్తమన్నం మేము.
డైరెక్టరే వద్దన్నడు.
అలిసిన సైన్యం లెక్క ఉన్నదన్నడు."

మా మేళంల పాళ్ళ లెక్క ఉంటది.
మద్దెలకు పాలు, తాళాలకు పాలు,
దీపం పట్టిన పోరనికి సుత అరపాలు.
పదివేలమందికి పాళ్ళు పంచాలంటే
ఎన్ని కల్లాలు తిరగాలె?
పండుకొని లెక్కవెట్టిన,
నాలుగో కల్లం కాడ నిద్రవట్టింది.

మూడో భాగం ఎప్పుడని మనుమని గోల.
ఆఖర్ల చూపిండ్రు గద,
సముద్రంలకెళ్ళి లేస్తున్న ఒక చెయ్యి.

పొద్దుగాల గోడ పట్టుకొని బాయి కాడికి పోతుంటే
కుడికాలు సుత ఈడుస్తున్నది.
ఈ నడక వాళ్ళ దగ్గర లేదు.
ఎవలన్న అడిగితే
చెప్పకురా అన్న మనుమనితోని.