కందకే దురద

చిలకలగూడ కాడ మొదలైంది.
చేతిల టిమ్ము మిషను, భుజానికి పైసల సంచి,
బస్సు నిండ ఆధార్ కార్డులు పైకెత్తిన ఆడోళ్లు.
జీరో టికెట్ కొట్టుడు, చింపుడు, ఇచ్చుడు.
రెండు చేతులకూ పనుంది, మంచిదే.
లేకుంటె ఒక చెయ్యి ఏం జేసేదో.

కమ్మీ పట్టుకొని కాలు మీద కాలు నొక్కి నిలబడ్డ.
డ్రైవర్ బిచ్చపతి అద్దంల చూసి
"ఏంది మేడం, డాన్సు నేర్చుకుంటున్నవా" అన్నడు.
నవ్విన.
నవ్వుడు గూడ డ్యూటీలనే పడ్తది.

ఈ ఊర్లె అందరికీ నోటి దురద.
ముషీరాబాద్‌ల ఎక్కిన ముచ్చట
కోఠిల దిగేసరికి పెండ్లయి పిల్లల్ని గంటది.
నా దురదకే నోరు లేదు.
పేరు గూడ లేదు మా ఇంట్ల.
"అక్కడ" అంటం,
అటక మీది ఉప్పు జాడీని చూపించినట్టు.

రాత్రయితె ఎక్కువైతది.
అందరు పండుకున్నంక వేడినీళ్లల్ల డెటాల్ కలిపి కడిగిన.
దురద మీద మంట ఎక్కి కూసున్నది.
ఫోన్ల మా అక్క: "వేడి జేసింది, మెంతులు నానబెట్టి తాగు."
మెడికల్ షాపు పిలగాడు "ఏం గావాలె" అంటె
కాళ్ల వేళ్ల సందుల దురదన్న.
వాడు కాళ్ల మలామే ఇచ్చిండు.
నా అబద్ధానికి సరైన మందే అది.

పద్దెన్మిది రోజులు.
విరిగిన పెరుగు లెక్క తెల్లగ.
ఒంటికి పోతె మిరపకాయ.
నీళ్లు తాగుడు ఎప్పుడో బందు జేసిన,
ఎట్లయినా ట్రిప్పుల నడుమ
ఆడోళ్ల బాత్రూమెక్కడిది?

రాంనగర్ బస్తీ దవాఖానల
డాక్టర్ రఫియా చిన్నపిల్ల లెక్కున్నది.
"ఎక్కడమ్మా?"
"అక్కడ."
"యోనిలోనా, పైనా?"
కాచిగూడ, నల్లకుంట అన్నంత మామూలుగ అన్నది.
పంతొమ్మిదేండ్లు స్టేజీల పేర్లు ఒర్రిన దాన్ని,
ఈ ఒక్క పేరు ఎన్నడు ఒర్రలేదు,
గుసగుసగనన్న అనలేదు.

అడుగుతనే ఉన్నది. వాసనా? పుండ్లా?
నెల గాకుండ నెత్తురా? జ్వరమా, పొత్తికడుపు నొప్పా?
నీ మొగనికి ఏమన్న ఉన్నదా?
ఈ నడుమ యాంటీబయాటిక్ మింగినవా?
మింగిన, గొంతు నొప్పికి, ఐదు రోజులు.
ఇంతకుముందు వచ్చిందా?
బతుకమ్మ అప్పుడొకసారి, ఎండకాలమొకసారి. అదే పోయింది.
అప్పుడు కలం ఆపి నా మొకం జూసింది.
"షుగర్ చూపించుకున్నవా ఎన్నడన్న?"

దూదిపుల్లతోని ఒక టెస్టు.
వేలు పొడిచి ఇంకోటి.
రెండువందల ఎనభై ఆరు.
ఛాయల చక్కెర వద్దనే దాన్ని,
ఒంట్ల తీపంత ఎట్ల జమయిందో.

"మందు మొత్తం వాడు, తగ్గిందని నడుమ ఆపకు.
తగ్గకున్నా, మల్ల వచ్చినా రా.
కడుగుడు ఉత్త నీళ్లతోనే, అది గూడ పైపైన.
లోపల అది తననుతాను కడుక్కుంటది,
నీ డెటాలు దానికెందుకు."
ఇంటికొచ్చేదాక ఆ మాటే గుర్తొచ్చింది.
ఇంత కష్టపడేదాన్ని, పాపం, నేనే కాల్చిన.

డిపో రెస్టురూముల టిఫిన్ డబ్బలు తెరిచిన కాడ జెప్పిన.
వజ్రమ్మ చెయ్యి కడుక్కొని లేచింది:
"కందకు లేని దురద కత్తిపీటకెందుకే?"
"కందకే ఉన్నదమ్మా దురద," అన్న.
"కందనే నోరు తెరిచి జెప్తున్నది."
ఎవరు నవ్వలేదు. మూతలు పడ్డయి.

నల్లా కాడికి నా ఎన్కనే వచ్చింది నవనీత,
మొన్న చేరిన పిల్ల, బ్యాడ్జీ ఇంక మెరుస్తనే ఉన్నది.
"అక్కా... దురదతోని వాసన గూడ వస్తె?"
"పో. చూపించుకో. నా లెక్క దినాలు లెక్కబెట్టకు."
"రేపు వీక్లీ ఆఫు..."
నీళ్లు నిండి సీసా పొర్లుతనే ఉన్నది.
"మూడో నెల. ఇంట్ల ఇంక చెప్పలే."

ఆమె డ్యూటీ దిగింది, నాది ఎక్కింది.
నా బస్సులనే కూసోబెట్టిన, ముందు సీట్ల.
టికెట్ కొట్టిన, జీరో.
బిచ్చపతి అద్దంల చూసిండు, ఏం అనలేదు.
స్టాపు ఇంక రానే లేదు,
దవాఖాన సందు కనబడంగనే
గొంతెత్తి ఒర్రిన:
"హోల్డాన్!"